రాజ్యాంగ రచన, తొలి ప్రభుత్వం: చార్టులు కాకుండా ప్రాజెక్టుగా ఎలా చేయించాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తొమ్మిదో తరగతిలో 45 మంది పిల్లలు, మూడు వారాల గడువు, వారానికి నాలుగు సోషల్ పీరియడ్లు. 1946 నుంచి 1952 దాకా జరిగినదంతా, అంటే రాజ్యాంగ సభ, తొలి మంత్రివర్గం, తొలి సాధారణ ఎన్నికలు ప్రాజెక్టుగా చేయించాలి. పోయినసారి చార్టులు వేయమంటే అందరి చార్టు మీదా అదే అంబేద్కర్ ఫొటో, అదే ప్రవేశిక, అదే పేరా. ఈసారి ఏం మార్చాలి?

సూటిగా చెప్తాను. పిల్లలకు అంశం ఇవ్వకండి, తేల్చాల్సిన ప్రశ్న ఇవ్వండి. "రాజ్యాంగ రచన గురించి రాయండి" అంటే నెట్ సెంటర్లో ప్రింటు తీయించి అతికిస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. "ఇవాళ 1949 మే 30. గవర్నర్‌ను ప్రజలు ఎన్నుకోవాలా, రాష్ట్రపతి నియమించాలా? రేపు ఓటు" అంటే ప్రింటు తీయడానికి ఏమీ దొరకదు, ఆలోచించక తప్పదు. ఇలాంటివి నాలుగు ప్రశ్నలు ఎంచుకోండి. ఒక్కోదానికి ఒక చిన్న కాగితాల కట్ట తయారు చేయండి. తరగతినే సభగా నడిపి ఓటు పెట్టండి. అసలు సభ ఏం తేల్చిందో ఓటు అయ్యాకే చూపించండి. మీ 12 పీరియడ్లలో 8 దీనికి పోతాయి, మిగిలిన నాలుగూ తొలి ఎన్నికలకు, 1951 నాటి మొదటి రాజ్యాంగ సవరణకు చెరి రెండు. తొలి మంత్రివర్గం మీద విడిగా ప్రాజెక్టు వద్దంటాను, కారణం కింద రాశాను.

ఈ పద్ధతి నిలబడేది ఒకే నియమం మీద: ఆ రోజున సభ్యులకు తెలియనిది పిల్లలకూ తెలియకూడదు. ఫలితం ముందే తెలిస్తే అందరూ గెలిచిన వైపే మాట్లాడతారు, ఓడిన వాదంలో బలం ఏమిటో ఎవరూ వెతకరు. అందుకని పాఠ్యపుస్తకంలోని ఆ పాఠం ప్రాజెక్టు అయ్యాకే చెప్పండి. ముందే చదివొచ్చే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఎలాగూ ఉంటారు, వాళ్లను ముసాయిదా కమిటీలో కూర్చోబెట్టండి. అక్కడ ఫలితం తెలిసినా సమాధానం చెప్పే పని తప్పదు.

ఏ ప్రశ్నలు? నేను ఇచ్చే నాలుగూ ఇవి.

మొదటిది గ్రామ పంచాయతీలు. 1948 ఫిబ్రవరి ముసాయిదాలో పంచాయతీల ఊసే లేదు. 1948 నవంబర్ 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ గ్రామ వ్యవస్థను తీవ్రంగా విమర్శించారు. ఎన్‌.జి. రంగా లాంటివాళ్లు అభ్యంతరం చెప్పారు, టంగుటూరి ప్రకాశం పంతులు పంచాయతీల పక్షాన మాట్లాడారు. నవంబర్ 22న కె. సంతానం సవరణ తెస్తే అంబేద్కర్ దాన్ని ఒప్పుకున్నారు. అదే ఇప్పటి 40వ ఆర్టికల్. ఊళ్లో పిల్లలకు ఈ ప్రశ్న సులభంగా ఎక్కుతుంది, ఎందుకంటే రెండు వాదాలకూ సాక్ష్యం వాళ్ల వీధిలోనే దొరుకుతుంది. సభ ఎంచుకున్నది మధ్యేమార్గం: పంచాయతీలు ఆదేశిక సూత్రాల్లో చేరాయి, కోర్టుకు వెళ్లి సాధించుకునే హక్కు కాలేదు. ఈ తేడా పిల్లల చేతే చెప్పించాలి.

రెండోది గవర్నర్. నాలుగింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ముసాయిదా 131వ ఆర్టికల్లో రెండు ప్రత్యామ్నాయాలు ఉండేవి: ఓటర్లే నేరుగా ఎన్నుకోవడం, లేదా శాసనసభ నలుగురి పేర్లతో ప్యానెల్ ఎన్నుకుంటే అందులోంచి ఒకరిని రాష్ట్రపతి నియమించడం. చివరికి సభ రెండింటినీ వదిలేసి, బ్రజేశ్వర్ ప్రసాద్ తెచ్చిన సవరణ ప్రకారం రాష్ట్రపతి నేరుగా నియమించే పద్ధతి తీసుకుంది. తరగతి గదిలో "ఎన్నిక అంటే ప్రజాస్వామ్యం, కాబట్టి ఎన్నికే" అనే వాదం తేలిగ్గా గెలుస్తుంది. గెలవనివ్వండి. ఆ తర్వాత ఒక ప్రశ్న అడగండి: ప్రజలు ఎన్నుకున్న ముఖ్యమంత్రి, ప్రజలే ఎన్నుకున్న గవర్నర్ పోట్లాడుకుంటే ఎవరి మాట నెగ్గాలి? గది సద్దుమణుగుతుంది. అసలు పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.

మూడోది మతపరమైన మైనారిటీలకు చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్. 1947 ఆగస్టులో ప్రత్యేక నియోజకవర్గాలు (ఆ మతం వాళ్లే ఓటేసేవి) వద్దని, ఉమ్మడి ఓటర్ల జాబితాతో రిజర్వుడు సీట్లు ఉండాలని సభ ఒప్పుకుంది. 1949 మేలో ఆ రిజర్వేషన్ కూడా వద్దనుకుంది. ముస్లిం సభ్యుల్లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మద్రాసు నుంచి వచ్చిన మహమ్మద్ ఇస్మాయిల్ ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్నారు, బేగం ఐజాజ్ రసూల్ రిజర్వేషన్ వద్దన్నారు. ఒక మతం వాళ్లంతా ఒకే మాట మీద ఉంటారన్న ఊహను ఇది ఎదురు వాదన అవసరం లేకుండానే తీసేస్తుంది. కట్టలో ఈ ఇద్దరి ప్రసంగ భాగాలూ తప్పనిసరిగా ఉండాలి.

నాలుగోది భాష. 1949 సెప్టెంబర్ 12 నుంచి 14 దాకా మూడు రోజుల చర్చ. దేవనాగరి లిపిలో హిందీ కేంద్రానికి అధికార భాష, ఇంగ్లిష్ మరో 15 ఏళ్లు, అంకెలు మాత్రం అంతర్జాతీయ రూపంలో అనే మున్షీ-అయ్యంగార్ రాజీ అప్పుడు కుదిరింది. అంకెల మీద కూడా అంత గొడవ జరిగిందంటే పిల్లలు నమ్మరు. దుర్గాబాయి ప్రసంగం కట్టలో పెట్టండి. కాకినాడలో హిందీ పాఠశాల నడిపిన మనిషే హిందీ పక్షం దూకుడును తప్పుబట్టారు. చర్చ అయ్యాక కాపీలు దిద్దేటప్పుడు ఒకటి గమనించండి. పిల్లలు "హిందీ జాతీయ భాష" అని రాసేస్తారు. 343వ ఆర్టికల్ ఎదురుగా పెట్టి, ఆ మాట అందులో ఎక్కడుందో చూపించమనండి.

అంటరానితనం నిషేధాన్ని మాత్రం చర్చకు పెట్టకండి. ఒక పక్షాన్ని అంటరానితనం తరఫున మాట్లాడమనడం ఏ తరగతిలోనూ చేయాల్సిన పని కాదు. అసలు సభలోనూ అలా జరగలేదు. 1948 నవంబర్ 29న ఆ ఆర్టికల్ మీద వచ్చిన పేచీ మాటల గురించే. ఆ పదానికి నిర్వచనం లేదు, కులం లేదా మతం కారణంగా అని చేర్చాలని నజీరుద్దీన్ అహ్మద్ సవరణ తెచ్చారు, సభ ఒప్పుకోలేదు. మీరూ దాన్ని రాత పనిగానే ఇవ్వండి: "నిర్వచనం రాస్తే లాభమేంటి, రాయకపోతే లాభమేంటి?" అరపేజీ చాలు.

ఇక కట్ట సంగతి. ఒక్కో ప్రశ్నకు నాలుగు కాగితాలకు మించకూడదు, పిల్లలు చదవరు. మొదటి కాగితం మీద ముసాయిదాలోని ఆర్టికల్ పాఠం. రెండోదాని మీద రెండు సవరణలు. మూడోదాని మీద మూడు ప్రసంగాల్లోంచి ఒక్కో దాంట్లో 120 నుంచి 150 మాటలు. నాలుగోదాని మీద "ఈ రోజుకు తెలిసిన విషయాలు" అని ఆరేడు పంక్తులు: దేశ విభజన, శరణార్థులు, సంస్థానాల విలీనం, హైదరాబాద్‌లో 1948 సెప్టెంబర్ పోలీసు చర్య లాంటివి, ఆ తేదీకి ముందు జరిగినవి మాత్రమే. ఫలితం వేరే కవరులో అంటించి బీరువాలో పెట్టండి. సభ చర్చల సంపుటాలు పార్లమెంటు వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి, తేదీవారీగా వెతకొచ్చు. అవి ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి తెలుగు చేయడం మీ పనే, కట్టకు ఒక సాయంత్రం పడుతుంది. పదానికి పదం పెట్టకుండా మాట్లాడే తెలుగులో రాయండి, కానీ మీరు కుదించిన చోట మూడు చుక్కలు పెట్టండి. ఎక్కడ కోత పడిందో పిల్లలకు తెలియాలి.

నెట్‌లో దొరికే కొటేషన్ల విషయంలో గట్టిగా ఉండాలి. అంబేద్కర్, పటేల్, నెహ్రూ పేర్లతో వాళ్లు ఎన్నడూ అనని మాటలు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. ఒకటే నియమం పెట్టండి: తేదీ లేని మాట ప్రాజెక్టులోకి రాదు. ఏ రోజు, ఏ సందర్భంలో అన్నారో చెప్పలేకపోతే ఎంత మంచి మాటయినా కొట్టేయాల్సిందే. మొదటి వారం గొణుగుతారు. రెండో వారం నుంచి పక్క జట్టు వాళ్ల కొటేషన్లను వాళ్లే పట్టుకుంటారు.

45 మందిని ఎలా పంచాలి. ప్రశ్నకు 11 మంది: నలుగురు ప్రతిపాదన వైపు, నలుగురు వ్యతిరేకంగా, ముగ్గురు ముసాయిదా కమిటీ. నాలుగు పదకొండ్లు 44, మిగిలిన ఒకరు సభా కార్యదర్శి. సవరణలు తీసుకోవడం, నంబరు వేయడం, ఓట్లు లెక్కించడం ఆ ఒక్కరి పని. లెక్కలో పక్కాగా ఉండే పిల్లను పెట్టండి. ఎవరు ఏ వైపో చీటీలు తీసి నిర్ణయించాలి. మైనారిటీల ప్రశ్నలో ముస్లిం పిల్లాడిని ముస్లిం సభ్యుడిగా, క్రైస్తవ పిల్లను క్రైస్తవ సభ్యురాలిగా పెట్టడం చాలా సహజంగా అనిపిస్తుంది, కానీ అదే పెద్ద పొరపాటు. ఆ పిల్లలు వాదించడం మానేసి తమ ఇంటి తరఫున సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ప్రముఖుల వేషాలూ వద్దు. కళ్లజోడు, కోటు తగిలించగానే సభ కాస్తా వార్షికోత్సవం అయిపోతుంది. "మద్రాసు రాష్ట్ర సభ్యుడు", "యునైటెడ్ ప్రావిన్సెస్ (ఇప్పటి ఉత్తరప్రదేశ్) సభ్యురాలు" అని జేబుకు ఒక కార్డు చాలు.

అధ్యక్ష స్థానంలో కూర్చోవడానికి నలుగురిని ఎన్నుకోనివ్వండి, ఒక్కో రోజు ఒక్కొక్కరు, తమ ప్రశ్న కాని రోజున. ఈ ఎన్నికను ఓటు బదిలీ పద్ధతిలో (ఓటరు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యం రాసేది) పెట్టండి, ఎందుకంటే 1946 జూలైలో రాజ్యాంగ సభ సభ్యులను ఎన్నుకున్నదీ అలాగే. ఓటేసింది ప్రజలు కాదు, ప్రాంతీయ శాసనసభల సభ్యులు. సుమారు పది లక్షల జనాభాకు ఒక సీటు చొప్పున, జనరల్, ముస్లిం, సిక్కు వర్గాలవారీగా ఓట్లు పడ్డాయి. మీ తరగతి లెక్క ఇలా: 45 ఓట్లను సీట్లకు ఒకటి ఎక్కువతో, అంటే ఐదుతో భాగిస్తే 9, దానికి ఒకటి కలిపితే 10. పది ఓట్లు వచ్చినవాళ్లు గెలిచినట్టే. ఒకరికి 14 వస్తే ఆ నాలుగు మిగులు ఓట్లు రెండో ప్రాధాన్యం ఉన్నవాళ్లకు పోవాలి. ఏ నాలుగు అన్నది సమస్య. తరగతికి 14 చీటీలూ కలిపి కళ్లు మూసుకుని నాలుగు తీయడం సరిపోతుంది. ఎవరికీ పది రాకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లను తీసేసి వాళ్ల చీటీలు పంచాలి. ఇక్కడ పిల్లలు ఎప్పుడూ చేసే తప్పు ఒకటుంది: మొదటి, రెండో ప్రాధాన్యాలను ఒకేసారి కూడేస్తారు. చీటీలను బల్ల మీద కుప్పలుగా పెట్టించి, చీటీ ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకు నడిచేలా చేస్తే ఆ తప్పు రాదు. బోర్డు మీద లెక్క చేయిస్తే తప్పకుండా వస్తుంది.

పీరియడ్ల పంపకం: ఒకటోది 1946 నాటి పరిస్థితి, పటం. రెండోది ఈ ఎన్నిక. మూడోది చీటీలు తీసి కట్టలు ఇవ్వడం. నాలుగోది సవరణలు రాయడం. ఐదు నుంచి ఎనిమిది దాకా రోజుకో ప్రశ్న.

నాలుగో పీరియడ్‌ను కుదించకండి. పని విలువంతా అక్కడే ఉంది. సవరణ అంటే ఉపన్యాసం కాదు, మాటల మార్పు. "ఫలానా ఆర్టికల్లో ఫలానా మాట తీసేసి ఫలానా మాట పెట్టాలి" అని ఒక్క వాక్యంలో ఉండాలి. మొదటిసారి వచ్చేవన్నీ "పేదలకు న్యాయం జరిగేలా చూడాలి" లాంటివే. కార్యదర్శి వాటిని తిప్పి పంపాలి: ఎక్కడ చేర్చాలి, ఏ మాట తర్వాత? రెండుసార్లు తిప్పి పంపితే దారిన పడతారు. అప్పుడు అసలు సభ అంకెలు చెప్పండి: ముసాయిదా మీద 7,635 సవరణలు అందితే చర్చకు వచ్చినవి 2,473, అంటే దాదాపు మూడో వంతు. ఒక్క సవరణ సరిగ్గా రాయడానికి ఒక పీరియడ్ పట్టిన పిల్లలకు ఆ అంకె బరువు వెంటనే తెలుస్తుంది.

సభ రోజు 45 నిమిషాలు ఇలా పోతాయి: ఆర్టికల్ చదవడం 3, ప్రతిపాదించినవాళ్లు 5, మిగతా ఆరుగురు వక్తలకు రెండేసి చొప్పున 12, ఇతర జట్ల నుంచి ఒక్కో నిమిషం ప్రశ్నలు 10, ముసాయిదా కమిటీ జవాబు 5, ఓటు 5, కవరు విప్పడం 5. గడియారం కార్యదర్శి దగ్గర ఉండాలి, మీ దగ్గర కాదు. మీరు వెనక బెంచీలో కూర్చోండి. మధ్యలో "కాదురా, అసలు విషయమేమిటంటే" అని ఒక్కసారి అన్నారంటే ఆ తర్వాత పిల్లలు మాట్లాడేది మీ ముఖం చూసే.

ఓటింగులో చేతులెత్తించకండి. స్నేహితుల చేతులు కలిసి లేస్తాయి. కుడి గోడకు ఒప్పుకునేవాళ్లు, ఎడమ గోడకు వ్యతిరేకించేవాళ్లు నడవాలి, లేదా చీటీలు. దగ్గరి ఓట్లు కూడా చరిత్రే అని చూపడానికి రెండు లెక్కలు దగ్గర పెట్టుకోండి. దేశం పేరు మీద హెచ్‌.వి. కామత్ సవరణ 1949 సెప్టెంబర్ 18న 38-51 తేడాతో ఓడింది. ప్రవేశికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలన్న ఆయన సవరణే అక్టోబర్ 17న 41-68తో ఓడింది. ఈ రెండూ పది నిమిషాల చిన్న పనులకు బాగా సరిపోతాయి. ఒక జట్టు ముందే ముగిస్తే చేతికి ఇవ్వొచ్చు.

తరగతి ఓటు అసలు సభ ఓటుతో కలవకపోతే "మనం తప్పు చేశాం" అనే మాట రానివ్వకండి. ఎందుకు కలవలేదన్నదే చివరి రాత పని. సభ కూర్చున్నది శరణార్థుల రైళ్లు నడుస్తున్న రోజుల్లో. సభ్యులను ఎన్నుకున్న శాసనసభలకేమో ఓటేసింది ఆస్తి, పన్ను, చదువు అర్హతలున్నవాళ్లు. కారణాలు ఇలాంటి చోట్ల వెతకాలి.

పటం పనిని మీ ఊరి నుంచే మొదలుపెట్టండి. "1950 జనవరి 26న మన ఊరు ఏ రాష్ట్రంలో ఉంది?" మద్రాసు రాష్ట్రం పార్ట్-ఎ (పాత బ్రిటిష్ ప్రాంతం), గవర్నర్ ఉండేవారు. హైదరాబాద్ పార్ట్-బి (పాత సంస్థానం), అక్కడ గవర్నర్ స్థానంలో నిజామే రాజప్రముఖ్. ఒకే భాష మాట్లాడేవాళ్లు రెండు రకాల రాష్ట్రాల్లో ఉన్నారు. భద్రాచలం ప్రాంతం అప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో, మద్రాసు కింద. మునగాల పరగణా చుట్టూ హైదరాబాద్ రాష్ట్రం ఉన్నా అది మాత్రం కృష్ణా జిల్లాది. యానాం ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉంది. ఇప్పటి జిల్లాల పటం ఇచ్చి రంగులు వేయమంటే ఇవన్నీ మాయమైపోతాయి. ఖాళీ నదుల పటం ఇచ్చి సరిహద్దులు వాళ్లనే గీయనివ్వండి. హైదరాబాద్‌కు కేటాయించిన సీట్లు రాజ్యాంగ సభలో ఖాళీగానే ఉండిపోయాయన్నది తెలంగాణ పిల్లలకు చెప్పాల్సిన విషయం. "మరి మన తరఫున ఎవరు సంతకం పెట్టారు?" అని వాళ్లే అడుగుతారు.

నేటి విషయాలు ఆనాటి ప్రాజెక్టులోకి దూరడం మీరు ఎక్కువగా దిద్దాల్సిన తప్పు. ప్రవేశికలో సామ్యవాద, లౌకిక అనే మాటలు 1976లో 42వ సవరణతో చేరాయి. పిల్లలు నేటి పుస్తకం అట్ట మీది ప్రవేశికనే 1949ది అనుకుని రాస్తారు. ప్రాథమిక విధులూ అప్పుడే వచ్చాయి. ఆస్తి హక్కు 1978 దాకా ప్రాథమిక హక్కే. ఓటు వయసు 21, పద్దెనిమిది కాదు. ఎనిమిదో షెడ్యూల్లో మొదట 14 భాషలే. ఈ ఐదూ ఒక చీటీ మీద రాసి గోడకు అంటించండి, సగం దిద్దుబాటు తప్పుతుంది.

రాజ్యాంగాన్ని ఎవరు రాశారన్న గొడవ ఏదో ఒక రోజు తరగతిలోకి వస్తుంది, ఫోన్లలోంచే వస్తుంది. వాదించకుండా మూడు ప్రతులు పక్కపక్కన పెట్టించండి. సలహాదారు బి.ఎన్‌. రావు 1947 అక్టోబర్ ప్రతిలో 243 ఆర్టికల్స్, 13 షెడ్యూళ్లు. అంబేద్కర్ అధ్యక్షుడిగా ఉన్న ముసాయిదా కమిటీ 1948 ఫిబ్రవరి ప్రతిలో 315, 8. 1949 నవంబర్ 26న సభ ఆమోదించినదాంట్లో 395, 8. ఒక్క ఆర్టికల్ తీసుకుని మూడు దశల్లో ఎలా మారిందో పొడవాటి కాగితం మీద మూడు గళ్లలో రాయించండి, మారిన మాట కింద ఎర్ర గీత. 1949 నవంబర్ 25 ప్రసంగంలో బి.ఎన్‌. రావు, ఎస్‌.ఎన్‌. ముఖర్జీల కృషిని అంబేద్కరే పేరుపేరునా చెప్పారు. దాన్ని కూడా చదివిస్తే ఎవరి వాటా ఏమిటో పిల్లలకే తేలిపోతుంది.

తొలి ఎన్నికల పనికి రెండు పీరియడ్లు. 1951 అక్టోబర్ 25 నుంచి 1952 ఫిబ్రవరి 21 దాకా, 17.3 కోట్ల ఓటర్లు, 489 లోక్‌సభ స్థానాలు. నియోజకవర్గాలు మాత్రం 401. ఈ తేడా ఎక్కడిదో లెక్క కట్టమనండి: 314 ఏకసభ్య, 86 ద్విసభ్య, ఒకటి త్రిసభ్య. ద్విసభ్యంలో ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయడానికి వీల్లేదు. నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయన్న సంగతి పిల్లలకు చాలా ఇష్టం. నల్గొండ ద్విసభ్య నియోజకవర్గం అని, అలహాబాద్ వైపు నెహ్రూదీ అలాంటిదే అని కలిపి చెప్తే పోలిక సరిగ్గా అర్థమవుతుంది.

అప్పటి బ్యాలెట్ పద్ధతిని గదిలోనే చేసి చూడొచ్చు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు చీటీ మీద ఏ ముద్రా వేయడు, నచ్చిన పెట్టెలో వేస్తాడంతే. నాలుగు చెప్పుల డబ్బాలు, ఒక్కోదానికి ఐదు సెంటీమీటర్ల చీలిక, ముందు ఒక దుప్పటి అడ్డం. ఇచ్చిన చీటీలు, పెట్టెల్లో దొరికిన చీటీలు విడిగా లెక్కపెట్టించండి, సాధారణంగా ఒకటి రెండు తేడా వస్తుంది. చీటీ జేబులో పెట్టుకుని బయటికి రావచ్చు, పెట్టె మీదే వదిలేసి రావచ్చు. ఆ పద్ధతిలోని అసలు లోపమూ అదే, 1962 నాటికి ముద్ర వేసే పద్ధతి రావడానికి అదొక కారణం. అదే ఎన్నికను ముద్ర పద్ధతిలో మళ్లీ పెట్టి, పట్టిన సమయం, చెల్లని ఓట్లు పోల్చండి.

ఓటర్ల జాబితా పని ఇంకా మంచిది. నలభై పంక్తుల నకిలీ జాబితా తయారు చేసి, అందులో పది చోట్ల "వెంకయ్య భార్య", "రామయ్య తల్లి" అని పెట్టండి. సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షల మంది మహిళల పేర్లు ఆ ఎన్నికల జాబితాల్లోంచి పోయాయి. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందున్న ప్రశ్నే పిల్లలకు పెట్టండి: ఉంచాలా, తీసేయాలా? ఉంచితే దొంగ ఓటును ఎలా ఆపాలి, తీసేస్తే సార్వజనీన ఓటు హక్కు ఎక్కడ మిగిలింది?

మంత్రివర్గం ప్రాజెక్టు ఎందుకు వద్దన్నానంటే, అది ఎప్పుడూ 14 ఫొటోల చార్టుగానే తేలుతుంది. మీకు తప్పదనుకుంటే ఒక్క ప్రశ్న ఇవ్వండి: కాంగ్రెస్‌వాళ్లు కాని అంబేద్కర్, శ్యామాప్రసాద్ ముఖర్జీ, షణ్ముఖం చెట్టి లాంటివాళ్లను 1947 ఆగస్టులో ఎందుకు తీసుకున్నారు? పేజీ చాలు.

దానికి బదులు మొదటి సవరణ తీసుకోండి. మద్రాసు కమ్యూనల్ జీవో ప్రకారం కాలేజీ సీట్లు 14 చొప్పున పంచేవాళ్లు: బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పిల్లలకు 15(1), 29(2), 46వ ఆర్టికల్స్ ఇచ్చి, "తీర్పును మన్నిస్తూనే వెనుకబడినవాళ్లకు సీట్లు ఇవ్వడానికి వీలిచ్చే ఒక్క క్లాజు రాయండి" అనండి. తర్వాత 1951 జూన్‌లో వచ్చిన 15(4) చూపించండి. రాజ్యాంగం రాసిన ఆ సభే అప్పటికి తాత్కాలిక పార్లమెంటుగా ఉంది. తాము రాసినది అమల్లోకి వచ్చి ఏడాదిన్నర తిరక్కముందే తామే మార్చారు. కులం మీద మాట తూలే ప్రమాదం ఉన్న పీరియడ్ ఇది. పేర్లు, సొంత కులాలు రాకూడదని ముందే చెప్పండి, హెడ్‌మాస్టర్ గారికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

మార్కులు 20కి: సవరణ రాత 5, తేదీతో ఉన్న ఆధారాలు 5, ఎదుటి వాదానికి జవాబు 4, చివరి పోలిక పేరా 6. పోలిక పేరా ఎవరిది వాళ్లు తరగతిలోనే కూర్చుని రాయాలి. అది కూడా తాము మాట్లాడిన వైపు కాకుండా ఎదుటి వైపు బలమైన వాదం ఏమిటో మొదట రాశాకే. మాట తీరుకు మార్కులు పెట్టకండి, లేకపోతే నలుగురైదుగురు వాచాలురే మొత్తం దోచుకుంటారు.

సిలబస్ తరుముకొచ్చి నాలుగే పీరియడ్లు మిగిలితే గవర్నర్ ప్రశ్న ఒక్కటే చేయండి: కట్ట చదవడం ఒకటి, సవరణ రాయడం ఒకటి, సభ ఒకటి, పోలిక పేరా ఒకటి. భాష ప్రశ్న అందరికీ నచ్చుతుంది కానీ దానికి నాలుగు పీరియడ్లు చాలవు, సగంలో ఆగితే ఆవేశం మాత్రమే మిగులుతుంది.